చందమామ మీద కూడా డిస్కౌంటే!

మీ తొమ్మిదో తరగతి అబ్బాయో, పదో తరగతి అమ్మాయో ఒక ఇంగ్లిష్ నవల పట్టుకుని తనలో తాను నవ్వుకుంటూ మీ కంట పడ్డారనుకోండి. ఏముందా అని తీసుకుని రెండు పేజీలు తిరగేశారు. కుర్రాళ్లంతా కలిసి చంద్రుడి మీదకు పార్టీకి వెళ్తున్నారు. నోరు తెరిస్తే బూతు. చివరి పేజీలకు వెళ్తే మంచం మీద, చావుబతుకుల మధ్య, ఒక అమ్మాయి. 'పరీక్షలు దగ్గర పెట్టుకుని ఇదా చదివేది!' అని ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలనిపిస్తుంది.

వేయకండి. ఈ వ్యాసం రాసింది ఆ ఒక్క మాట చెప్పడానికే. తాళం వేసే ముందు, కనీసం ఒక్కసారి మీరే చదవండి.

ఆ నవల పేరు 'ఫీడ్'. రాసినవారు అమెరికన్ రచయిత ఎం.టి. ఆండర్సన్. టీనేజీ పిల్లల కోసం రాసిన సైన్స్ ఫిక్షన్ ఇది. 2002లో వచ్చింది. ఆ ఏడాది అమెరికా నేషనల్ బుక్ అవార్డు యువపాఠకుల విభాగంలో తుది జాబితాకు చేరింది. ఈ సంవత్సరాన్ని కాస్త గుర్తు పెట్టుకోండి. అప్పటికి ఫేస్‌బుక్ లేదు, అది 2004లో వచ్చింది. ఐఫోన్ లేదు, అది 2007లో వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ రావడానికి ఇంకా ఎనిమిదేళ్లుంది. రీల్స్ మాటే లేదు. అయినా ఈ రోజు మన డైనింగ్ టేబుల్ దగ్గర జరుగుతున్నదంతా ఆ పుస్తకంలో ఉంది.

కథ ఏమిటంటే

భవిష్యత్తులో డబ్బున్న ఇళ్లలో పిల్లలకు చిన్నతనంలోనే మెదడులో ఒక పరికరం అమరుస్తారు. దాని పేరే ఫీడ్. దాంతో చేతిలో ఫోను అక్కర్లేదు, కళ్ల ముందు స్క్రీను అక్కర్లేదు. మనసులో అనుకుంటే స్నేహితుడికి మెసేజ్ వెళ్తుంది. దాహం వేస్తే కూల్‌డ్రింక్ ప్రకటన వస్తుంది. బాధ కలిగితే బాధ పోగొట్టే వస్తువు మీద డిస్కౌంట్ వస్తుంది.

మన 'మాయాబజార్' సినిమాలో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? తెరిస్తే మనసుకు ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. 1957లో ఆ పెట్టెను చూసి ముచ్చటపడ్డాం. ఆ పెట్టెను ఒక కంపెనీ నడుపుతోందనుకోండి. మీకు ప్రియమైనది ఏదో తెలుసుకుని, దాని పక్కనే ధర చూపిస్తుంది. అదీ ఫీడ్.

కథ చెప్పే కుర్రాడి పేరు టైటస్. సెలవులకు స్నేహితులతో చంద్రుడి మీదకు వెళ్తాడు. అక్కడికి వెళ్లాక వాళ్లకు కలిగిన మొదటి భావం ఆశ్చర్యం కాదు, బోరు. అక్కడే వయొలెట్ అనే అమ్మాయి పరిచయమవుతుంది. ఒక క్లబ్బులో ఎవరో ఒక ముసలాయన వీళ్లను ముట్టుకుని వీళ్ల ఫీడ్‌లను హ్యాక్ చేస్తాడు. చంద్రుడి మీదే ఆసుపత్రిలో చేరతారు. కొన్ని రోజులు ఫీడ్ ఉండదు. ఏమీ తోచక చిన్నపిల్లల్లా ఆటలు కనిపెట్టుకుంటారు. పుస్తకం మొత్తంలో వాళ్లు నిజంగా సంతోషంగా కనిపించేది ఆ కొద్ది రోజులే. తర్వాత అందరి ఫీడ్‌లూ బాగవుతాయి. వయొలెట్‌ది బాగవదు.

మన అంతరిక్షం, వాళ్ల అంతరిక్షం

మన పిల్లలకు అంతరిక్షం దూరపు మాట కాదు. మన దేశం నుంచి తొలిసారి రోదసిలోకి వెళ్లిన రాకేశ్ శర్మ ఈ హైదరాబాద్‌లోనే చదువుకున్నారు. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష 2021 జులై 11న అంతరిక్షపు అంచుల దాకా వెళ్లొచ్చారు. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన విక్రమ్-ఎస్, మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ప్రయోగించిన మొదటి రాకెట్. దాన్ని తయారుచేసిన స్కైరూట్ మన ఊరి సంస్థ. ఆ నెలలోనే ఇస్రో పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లిన రెండు బుల్లి ఉపగ్రహాలు ధ్రువ స్పేస్ అనే మరో హైదరాబాద్ సంస్థవి.

ఇవన్నీ మన పిల్లలకు మనం చెప్పాల్సినవే, చెబుతున్నాం కూడా. కాని ఒక సంగతి గమనించండి. మనం అంతరిక్షం గురించి చెప్పే ప్రతి మాటా చివరికి 'నువ్వూ అలా కావాలి' దగ్గర ఆగుతుంది. రాకెట్ కూడా ఒక ర్యాంకులా మారిపోతుంది. అక్కడికి వెళ్లాక ఏం చేస్తాం, ఎవరి కోసం వెళ్తాం, ఇక్కడి అలవాట్లన్నీ మూటగట్టుకుని వెళ్తే అక్కడ కొత్తగా ఉండేదేమిటి అన్న ప్రశ్నలు మనం వేయం. 'ఫీడ్' వేస్తుంది. చందమామ దాకా వెళ్లి కూడా షాపింగే చేసే పిల్లల్ని చూపించి, ముందు నవ్విస్తుంది.

నవ్వు ఎక్కడుందంటే

ఐటీలో పనిచేసే తల్లిదండ్రుల కోసమే రాసినట్టుండే ఒక జోకు చెబుతాను. వయొలెట్ తండ్రి కాలేజీ ప్రొఫెసర్. మృతభాషలు బోధిస్తాడు. ఏ భాషలనుకున్నారు? ఫోర్ట్రాన్, బేసిక్. మీలో కొందరు ఆ భాషల్లో పరీక్షలు రాసే ఉంటారు. ఈ రోజు మీ బయోడేటాలో మొదటి వరుసలో ఉన్న భాషకు కూడా అదే గతి పట్టదని ఎవరు చెప్పగలరు?

ఇంకొకటి. ఊళ్లో చెట్లన్నీ కొట్టేసి గాలి తయారుచేసే ఫ్యాక్టరీ కడతారు. టైటస్ తండ్రికి అదేమీ వింతగా తోచదు. ఫ్యాక్టరీతో పోలిస్తే చెట్లు ఎంత దండగో తెలుసా అని వయొలెట్‌కు నచ్చజెబుతాడు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించిన సంగతి తెలిసిన మన పిల్లలకు ఈ జోకును విడమరచి చెప్పక్కర్లేదు.

మరొకటి. గాలి, నీరు పాడై జనం ఒంటి మీద పుళ్లు పడుతుంటాయి. ఎవరూ కారణం అడగరు. ఒక టీవీ షోలో నటులకు పుళ్లు కనిపించగానే అవే ఫ్యాషనైపోతాయి. డబ్బిచ్చి మరీ కృత్రిమంగా పుళ్లు పెట్టించుకునే అమ్మాయి ఉంటుందీ కథలో.

చదివి నవ్వుతాం. నవ్వాక కడుపులో ఏదో కలుక్కుమంటుంది. ఇంగ్లిష్‌లో దీన్ని బ్లాక్ హ్యూమర్ అంటారు. మనకిది కొత్తది కాదు. గురజాడ 'కన్యాశుల్కం' ఏమిటి మరి? పసిపిల్లల్ని ముసలివాళ్లకు బేరం పెట్టి అమ్ముతున్న కాలంలో, 1892లో, ఆ బేరాన్నే రంగస్థలం మీదకెక్కించి జనాన్ని నవ్వించారు. ఆ నవ్వులో ఉన్నది తేలిక కాదు, సిగ్గు. తమ ఇళ్లలో జరుగుతున్నదేమిటో చూసి జనం సిగ్గుపడాలని రాసిన నాటకమది. 'నవ్వు నాలుగు విధాల చేటు' అన్న సామెత ఇలాంటి నవ్వుకు వర్తించదు.

తండ్రి కథ

ఈ పుస్తకం పిల్లల కోసమే రాసినా, నా లెక్కలో ఇందులో అసలు కథ ఒక తండ్రిది. అందుకే దీన్ని మీరూ చదవాలంటున్నాను. చివర ఏమవుతుందో కూడా చెప్పేస్తున్నాను. మీరు మాత్రం పిల్లలకు చెప్పకండి.

వయొలెట్ తల్లిదండ్రులకు ఫీడ్ అంటే ఇష్టం లేదు. కూతురికి ఇంట్లోనే చదువు చెప్పుకున్నారు. ఒకసారి తండ్రి ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తాడు. అవతల కూర్చున్నవాళ్లు ఉన్నట్టుండి మాటలు ఆపి ఫీడ్‌లో పలకరిస్తారు. ఇతనికి ఫీడ్ లేదు. వాళ్లు అడిగింది ఇతనికి చేరదు. ఇతను జవాబివ్వకపోవడం చూసి వాళ్లు తమలో తాము నవ్వుకుంటారు. ఆ అవమానం మోసుకుని ఇంటికొచ్చిన మనిషి ఒక నిర్ణయానికొస్తాడు. తన సంగతి ఎలా ఉన్నా, బిడ్డ మాత్రం వెనకబడకూడదు.

డబ్బు కూడబెట్టి ఏడేళ్ల కూతురికి ఫీడ్ పెట్టిస్తాడు. మిగతావాళ్లకు పసితనంలోనే పెడతారు, ఆ పిల్లకు ఆలస్యమైంది. పైగా తండ్రికి అందుబాటులో ఉన్న మోడల్ అంత మంచిది కాదు. హ్యాకింగ్ జరిగినప్పుడు ఆ దెబ్బకు మొదట పాడైంది అదే. మెదడుతో ముడిపడిన పరికరం గనక దాంతోపాటు ఆ పిల్ల కాళ్లూ చేతులూ, జ్ఞాపకాలూ ఒక్కొక్కటే పోతుంటాయి.

ఆ తండ్రి చెడ్డవాడా? కాదు. మీలాంటివాడు, మనలాంటివాడు. కొండాపూర్‌లో, మాదాపూర్‌లో, నల్లగండ్లలో అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర రోజూ కనిపించే మనిషే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఏడుకు కోడింగ్, ఎనిమిదికి రోబోటిక్స్, ఇప్పుడు ఏఐ. 'మనవాడు ఒక్కడే లేకపోతే ఎలా?' అన్న ఆ ఒక్క భయమే మన చేత సంతకాలు పెట్టిస్తుంది. ఆ భయం అబద్ధమని నేననను. నిజమైన అవమానంలోంచే అది పుట్టింది. ఇంగ్లిష్ రాక, కంప్యూటర్ తెలియక, ఇంటర్వ్యూ గదిలో చెమటలు పట్టిన తరం మనది. ఆ చెమట మన పిల్లలకు పట్టకూడదనుకోవడం తప్పు కాదు. కాని ఆ భయంతో కొన్న వస్తువు రేపు బిడ్డకు ఏం చేస్తుందో అడగకుండా కొనడం ప్రమాదం. ఆ సంగతిని ఏ కౌన్సెలింగ్ సెషనూ చెప్పనంత గట్టిగా ఈ నవల చెబుతుంది.

చావు కబురు చల్లగా

వయొలెట్ ఒక పని చేసి ఉంటుంది. కంపెనీ తన గురించి ఏమీ తేల్చుకోలేకుండా చేయాలని, షాపుల్లో ఒకదానికొకటి పొంతన లేని వస్తువులన్నీ అడిగి, ఏదీ కొనకుండా వచ్చేసేది. తననొక లెక్కగా మార్చనివ్వకూడదని ఆ పిల్ల పట్టుదల. ఇప్పుడు ప్రాణం మీదకొచ్చింది. ఫీడ్ బాగుచేయించడానికి తండ్రి దగ్గర డబ్బు లేదు. సాయం చేయమని కంపెనీలను అడుగుతారు. కస్టమర్ సర్వీస్ గొంతు తియ్యగా జవాబిస్తుంది. మీ కొనుగోళ్ల చరిత్ర నిలకడగా లేదు, మీ మీద పెట్టుబడి పెట్టడానికి ఎవరూ ఆసక్తి చూపలేదు, ఈలోపు మీకు నచ్చే ఇతర వస్తువులు చూస్తారా? అదీ సారాంశం.

చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే. పుస్తకంలో అన్నిటికంటే పెద్ద జోకూ ఇదే, అన్నిటికంటే పెద్ద దుఃఖమూ ఇదే. మనిషికి తాను కొనే వస్తువులను మించి విలువ ఏమైనా ఉందా అని రచయిత నేరుగా అడగడు. ఆ తియ్యటి గొంతును వినిపించి ఊరుకుంటాడు.

ఈ జవాబు ఎక్కడో విన్నట్టుంది కదా? ర్యాంకు రాని పిల్లవాడికి మన ఇళ్లలో, మన బంధువుల మధ్య, ఒక్కోసారి మన తరగతి గదుల్లో వినిపించే జవాబుకు ఇది దగ్గరి చుట్టం. అక్కడ కొనుగోళ్ల చరిత్ర, ఇక్కడ మార్కుల చరిత్ర. పిల్లలకు ఈ పోలిక మనం చెప్పక్కర్లేదు. వాళ్లే కనిపెడతారు. తాళం వేయాలనిపించేది బహుశా అందుకే.

ఇక్కడే ఎందుకు చదవాలి?

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న నాటి నుంచి ఈ ప్రాంతం ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిపెడుతోంది. ఎవరికి ఏ ప్రకటన చూపాలి, ఎవరిని ఎంతసేపు స్క్రీను ముందు కూర్చోబెట్టాలి అన్న లెక్కలు కట్టే పని చేసేవాళ్లు మనలోనే ఉన్నారు. అది గౌరవమైన ఉద్యోగమే. మన ఫీజులూ ఈఎంఐలూ ఆ జీతంతోనే కడుతున్నాం. కాని ఆ లెక్కల అవతల ఉన్నది ఎవరి పిల్లలు? పగలు మనం రాసిన కోడ్ సాయంత్రం మన పిల్లల చేతుల్లోకే వస్తోంది.

చట్టం కూడా ఇప్పుడిప్పుడే మేలుకుంటోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. మినహాయింపులు ఉన్నాయి, అది వేరే సంగతి. ఇక్కడ అసలు మాట ఏమిటంటే, అనుమతి ఇచ్చే బటన్ మీ చేతిలో ఉంది. దేనికి అనుమతి ఇస్తున్నామో తెలియకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటుకు ఈ నవల మంచి మందు.

మరో మాట కూడా దాచకుండా చెప్పాలి. 'ఫీడ్'లో బడులను కంపెనీలు నడుపుతాయి. బడి అన్న మాట పక్కన ట్రేడ్‌మార్క్ గుర్తు ఉంటుంది. ఫీడ్ ఎలా వాడాలో, ఏది ఎక్కడ చవకగా దొరుకుతుందో, గది ఎలా అలంకరించుకోవాలో అక్కడ పాఠాలు. ఇది చదివి మన పిల్లలు మన బడి వైపు చూసి నవ్వుతారు. మీరు చదువుతున్న ఈ పత్రిక ఒక కార్పొరేట్ విద్యాసంస్థది. అయితే ఏం? నవ్వనివ్వండి. తన మీద పిల్లలు వేసే జోకును తట్టుకోలేని బడి వాళ్లకు ఆలోచించడం నేర్పలేదు. ఆ నవ్వుకు మేం చెప్పగల జవాబు ఒకటే. మా తరగతి గదులు ఆ పుస్తకంలోని గదుల్లా లేవని రోజూ చూపించుకోవడం. చూపించలేకపోతే మీరు అడగండి.

మీ అభ్యంతరాలు

బూతులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కాని అవి ఊరికే పెట్టినవి కావు. ఈ పిల్లలకు మాటలే మిగల్లేదని చూపించడానికి పెట్టినవి. ఫీడ్ అన్నీ అందించేస్తుంటే భాష కుంచించుకుపోతుంది. బాధ, జాలి, క్షమాపణ చెప్పాల్సి వచ్చినప్పుడు టైటస్‌కు మాట దొరకదు. వయొలెట్‌ను ప్రేమించి కూడా ఆమె పక్కన నిలబడలేకపోతాడు. మన పిల్లలు ఇంట్లో తెలుగూ రాక, బయట ఇంగ్లిషూ పూర్తిగా అబ్బక, ప్రతి భావానికీ ఒకే ఎమోజీ పంపడం చూస్తున్నాం కదా. బూతు కంటే ఆ మూగతనం గురించే ఎక్కువ బెంగపడాలి.

చీకటి కథ, పిల్లలు దిగులుపడతారు అంటారు. సున్నితమైన వయసు, నిజమే. అందుకే 14 ఏళ్లు నిండని పిల్లలకు ఇది వద్దు. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయినా, పిల్లలు ఏదైనా మానసిక ఇబ్బందిలో ఉన్నా కొన్నాళ్లు ఆగండి. వాళ్లకు డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' ఇవ్వండి. అంతరిక్షంలో బైపాస్ రోడ్డు వేయడానికి అడ్డొచ్చిందని భూమినే కూల్చేసే కథ అది. 1979 నాటి ఆ నవలలో చీకటి తక్కువ, నవ్వు ఎక్కువ. బైపాస్‌లూ ఫ్లైఓవర్లూ చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఇట్టే నచ్చుతుంది.

టైము ఏదీ, సిలబస్సే అవడం లేదు అంటారు. 'ఫీడ్' మరీ పెద్ద పుస్తకం కాదు. ఒక దసరా సెలవుల్లో హాయిగా అయిపోతుంది. మార్కులు రావు. నిజమే, ఒక్క మార్కు కూడా రాదు.

చదివాక ఏం చేయాలి?

సారాంశం రాయమని అడగకండి. 'దీనివల్ల నీకేం నీతి తెలిసింది?' అని అసలే అడగకండి. మీరూ చదివి, అన్నం తినేటప్పుడు, ఫోన్లు పక్కన పెట్టి, తెలుగులో మాట్లాడుకోండి. పుస్తకం ఇంగ్లిష్‌దైనా బాధను చెప్పుకోవడానికి ఇంటి భాషే సుఖం. నీకు ఎక్కడ నవ్వొచ్చింది? ఎక్కడ నవ్వు ఆగిపోయింది? వయొలెట్ నాన్నగారి స్థానంలో ఉంటే నువ్వేం చేసేవాడివి? ఈ మూడు ప్రశ్నలు చాలు.

మీ వంతుగా ఒక్క సంగతి చెప్పండి. మీరు ఏ భయంతో వాళ్లకు ఫోను కొనిచ్చారో, ఏ భయంతో ఆ కోర్సులో చేర్పించారో దాచకుండా చెప్పండి. నవలలో ఆ తండ్రి తన ఇంటర్వ్యూ కథ చెప్పేసరికి ఆలస్యమైపోయింది. కూతురు వినే స్థితిలో లేదు. విన్నది టైటస్ ఒక్కడే. మీ పిల్లలు ఇంకా వినగలరు. ఆ కథ వాళ్లకు మీ నోటితోనే చెప్పండి.